రాయగడ ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్స్‌ని, లెస్బియన్‌ని. వార్డులో చెప్పేస్తే ఏమవుతుంది?

నాగావళి ఒడ్డు

అందరికీ నమస్తే. మాది పార్వతీపురం దగ్గర. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను, ఆంధ్రా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. ఇప్పుడు రాయగడలో ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఫిమేల్ వార్డులో చేస్తున్నాను. ఉండేది కూడా హాస్పిటల్ వాళ్ల హాస్టల్లోనే. నేను లెస్బియన్‌ని. నా తోడు కూడా ఇదే ఊళ్లో వేరే ఉద్యోగంలో ఉంది.

వార్డులో రోజూ సంబంధాల గోలే. మా మరిది ఉన్నాడు, మా ఆడపడుచు కొడుకు ఉన్నాడు అని ఒకటే పోరు. కట్టుకథలు చెప్పడం ఆపేసి ఉన్నమాట చెప్పేద్దామని ఉంది. అలా చెబితే ఉద్యోగంలోంచి తీసేయొచ్చా? రిజిస్ట్రేషన్‌కి అడ్డమా? రేపు ఒడిశా నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకి వెళ్తే వెరిఫికేషన్‌లో వస్తుందా? అన్నిటికన్నా ముఖ్యం, ఆడ పేషెంట్లకి కాథెటర్ (మూత్రం గొట్టం) వేసేటప్పుడు, స్పాంజింగ్ చేసేటప్పుడు ఎవరైనా మాట అంటే ఏటి చెయ్యాలి? ధైర్యం చెప్పేవాళ్లు దొరుకుతున్నారు, పద్ధతి చెప్పేవాళ్లు కావాలి.

వంశధార

చెల్లీ, ముందు రిజిస్ట్రేషన్ సంగతి. నువ్వు మామూలుగా రాసేసిన ముక్కే నీ అసలు బలహీనత. ఒడిశాలో పనిచేస్తూ ఆంధ్రా రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉంటే, నిన్ను పంపించాలనుకున్నవాడికి వేరే సాకు అక్కర్లేదు. "పేపర్లు సరిగా లేవు" అంటాడు, అది నిజమే అవుతుంది. ఆంధ్రా కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), వెరిఫికేషన్ తెప్పించి భువనేశ్వర్‌లోని ఒడిశా కౌన్సిల్లో రెసిప్రోకల్ రిజిస్ట్రేషన్‌కి (అక్కడి రిజిస్ట్రేషన్ చూసి ఇక్కడ ఇచ్చేదానికి) పెట్టు. టెన్త్, జీఎన్‌ఎం మార్కుల మెమోలు, డిప్లొమా, ఆధార్ అన్నిట్లో పేరు, ఇంటిపేరు ఒకే స్పెల్లింగులో ఉన్నాయా చూసుకో. మన తెలుగు పేర్లకి అప్లికేషన్ ఆగేది ఎక్కువగా అక్కడే. ఇది చేతికొచ్చేదాకా వార్డులో నోరు విప్పకు.

కౌన్సిల్ ఫారాల్లో గానీ, ఒడిశా నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల అప్లికేషన్లో గానీ నీకు ఎవరంటే ఇష్టమో అడిగే గడి లేదు. పెళ్లయిందా అని ఉంటే "అవివాహిత". అది అబద్ధం కాదు, 2023 అక్టోబర్ 17 తీర్పులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేదు కాబట్టి కాగితం మీద నువ్వు అవివాహితవే. పోలీస్ వెరిఫికేషన్‌లో చూసేది కేసులు. 377 సెక్షన్‌లో ఇద్దరు మేజర్ల ఇష్టపూర్వక సంబంధాన్ని నేరం చేసిన భాగాన్ని 2018 సెప్టెంబర్ 6న కొట్టేశారు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

ఇక ఉద్యోగం. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే రాజ్యాంగం 14, 15, 16 అధికరణాలు నీ వెనక ఉంటాయి. లైంగిక దృక్పథం మీద వివక్ష 15లోకి వస్తుందని 2018 తీర్పులోనే ఉంది. ప్రైవేట్‌లో ఆ రక్షణ నేరుగా పనిచేయదు. ప్రైవేట్ యజమాని ఈ కారణంతో తీసేయకూడదని స్పష్టంగా చెప్పే చట్టం మన దగ్గర లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి 2019 చట్టం ఉంది, అది నీకు వర్తించదు. ఇది తెలిసే అడుగు వెయ్యి.

అయినా ఎవడూ అసలు కారణం కాగితం మీద పెట్టడు. పనితనం బాగాలేదని, పేషెంటు కంప్లయింట్ ఇచ్చాడని రాస్తాడు. దానికి ఎదురు నిలబడేది నీ దగ్గరున్న రికార్డే. అపాయింట్‌మెంట్ లెటర్, బ్యాంకులో పడే జీతం, నెలనెలా డ్యూటీ చార్ట్ ఫొటో (పేషెంట్ల పేర్లు పడకుండా), ట్రైనింగ్ సర్టిఫికెట్లు, ఎవరైనా మెచ్చుకుంటూ రాసిన కాగితం ఉంటే అదీ దాచు. ఏడాదిలో 240 రోజులు పని చేసి ఉంటే తీసేసేటప్పుడు నెల నోటీసు లేదా నెల జీతం, పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం అడగొచ్చు. ఇవ్వకపోతే జిల్లా లేబర్ ఆఫీసులో ఫిర్యాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నాయా? బాండు పేరుతో నర్సుల ఒరిజినల్స్ పెట్టుకోవడం చాలాచోట్ల ఉంది. ఉంటే "అప్లికేషన్‌కి వెరిఫికేషన్ ఉంది" అని రాతపూర్వకంగా అడిగి తెచ్చుకో. నీది నీ చేతిలోకి వచ్చాకే మిగతా మాట.

కేస్‌షీట్

వార్డు సంగతి నేను చెబుతాను. వంశధార గారు చెప్పిన కాగితాల తర్వాత రెండో పని గది. ఉద్యోగం, పడక రెండూ ఒకడి చేతిలో ఉన్నప్పుడు పోయేటప్పుడు రెండూ ఒకే సాయంత్రం పోతాయి. మీ ఇద్దరూ బయట ఇల్లు తీసుకుంటే ఊరు పెద్దగా పట్టించుకోదు, ఇద్దరు ఉద్యోగం చేసుకునే ఆడపిల్లలు గది పంచుకోవడం అక్కడ మామూలే. 11 నెలల అగ్రిమెంటు ఇద్దరి పేర్ల మీదా రాయించుకోండి. ఒకరి పేరు మీదే ఉంటే రెండోవాళ్లు చుట్టపుచూపుగా వచ్చినట్టే లెక్క.

ఎవరికి ముందు చెప్పాలి? డ్యూటీ చార్ట్ రాసే మనిషికి. మన దగ్గర అది సాధారణంగా ఇన్‌చార్జి సిస్టర్. మేట్రన్‌కో మేనేజ్‌మెంట్‌కో ముందు చెబితే "నాకు తెలియకుండా పైకి వెళ్లింది" అనే కోపం ఒకటి అనవసరంగా చేరుతుంది. ఆమె చెవిలో ఇతరుల నోటి నుంచి పడకూడదు, నీ నోటి నుంచే పడాలి. హ్యాండోవర్ టైములో వద్దు, నైట్ డ్యూటీలో నిద్రమొహం మీద వద్దు. వార్డు వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు, స్క్రీన్‌షాట్ మనకన్నా ముందు ఇంటికి చేరుతుంది. రెండు ముక్కలు చాలు: "దీదీ, నాకు సంబంధాలు చూడొద్దు. నాకు తోడుగా ఒక అమ్మాయి ఉంది, మేమిద్దరం కలిసి ఉంటున్నాం." అంతటితో ఆపు. సంజాయిషీలోకి దిగితే అవతలివాళ్లకి జడ్జి కుర్చీ వేసినట్టే.

ఇప్పుడు నువ్వు భయపడే విషయం. కాథెటర్, పెరినియల్ కేర్ (మర్మభాగాల శుభ్రత), ఈసీజీ లీడ్లు, డెలివరీ తర్వాత ప్యాడ్ చూడటం, మాట పుట్టేది వీటి దగ్గరే. నీ ఒక్కదానికే కొత్త జాగ్రత్తలు మొదలుపెడితే "ఏదో ఉంది కాబట్టే" అంటారు. అందుకని మొత్తం వార్డు పద్ధతిగా మార్పించు, అదీ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పేరుతో. ఫోలీ కాథెటర్ వేసేటప్పుడు ఇద్దరు ఉండాలి: స్టెరైల్‌గా గొట్టం వేయడానికి ఒకరు, సాయానికి ఒకరు. కాళ్లు సరిగ్గా పట్టేవాళ్లు, లైటు చూపేవాళ్లు లేకపోతే ఆడవాళ్లలో ట్యూబు యోనిలోకి వెళ్లడం, అదే ట్యూబును తీసి మళ్లీ వాడటం, మూడో రోజుకి జ్వరం, ఇదంతా అందరూ చూసే తప్పే. కాబట్టి ఈ వాదనకి ఎవరూ అడ్డం చెప్పలేరు. రెండో మనిషి ఉండటం నీకు సాక్ష్యం కూడా, ఆ సంగతి పైకి అనాల్సిన పని లేదు.

వరుస ఎలాగూ తెలిసిందే, మళ్లీ చెబుతున్నానంటే రాత కోసం. ఏం చేయబోతున్నావో పేషెంటుకి చెప్పి సరే అనిపించుకో. స్క్రీన్ లాగు, నడుము దాకా దుప్పటి, కావలసిన చోటే తెరువు. అయ్యాక కేస్ షీట్లో టైము, ఎందుకు వేశారు, ఎవరు ఆర్డర్ ఇచ్చారు, గొట్టం సైజు 14 ఫ్రెంచ్ అయితే 14 ఫ్రెంచ్ అని, బెలూన్‌లో 10 ఎంఎల్ స్టెరైల్ వాటర్, వెంటనే వచ్చిన యూరిన్ ఎంత, రంగు ఏమిటి, పేషెంటు ఒప్పుకుంది, పక్కన ఫలానా సిస్టర్ ఉంది. చివరి రెండూ చాలామంది రాయరు. నువ్వు రాయి.

అక్కడ ఇంకో చిక్కుంది, కొండ మీది నుంచి వచ్చే ఆడవాళ్లకి కువి (కోందుల భాష) తప్ప తెలుగూ ఒడియా అంతంతమాత్రమే. తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు. కువి తెలిసిన ఆయానో, వెంట వచ్చిన ఆశా దీదీనో పిలిచి చెప్పించు, ఎవరు చెప్పారో షీట్లో రాయి. అర్థం కాక భయపడి అరిస్తే ఆ అరుపుకి ఎవడికి తోచిన కథ వాడు అల్లుతాడు.

పేషెంటు "ఈ సిస్టర్ వద్దు" అంటే? ఎవరి గురించైనా అలా అంటారు, కులం చూసి అనేవాళ్లూ ఉన్నారు. వాదించకు, పక్క సిస్టర్‌తో మార్చుకో, షీట్లో "పేషెంటు కోరిక మీద మార్చడమైనది" అని ఒక లైను. కానీ ఇన్‌చార్జి నిన్ను ఫిమేల్ వార్డు నుంచి శాశ్వతంగా తీసేసి స్టోరులో పడేస్తే అది వేరు. నోటిమాటగా చెబితే అదే రోజు నువ్వే చీటీ రాయి: "ఈ రోజు మీరు చెప్పిన ప్రకారం ఫిమేల్ వార్డు నుంచి స్టోరుకి మారుతున్నాను, కారణం తెలుపగలరు." రెండు కాపీలు, ఒకదాని మీద అందినట్టు సంతకం. సంతకం పెట్టకపోతే హాస్పిటల్ ఈమెయిల్‌కి పంపు. జవాబు రాకపోయినా పర్వాలేదు, తేదీ ఉన్న కాగితం పుట్టింది కదా.

"ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించుకో" అనే సలహా తప్పకుండా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17నే స్వలింగ ఆకర్షణని జబ్బుల పట్టీ నుంచి తీసేసింది. మార్చేస్తామని చెప్పే చికిత్స చేస్తే డాక్టరుదే వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్ర కౌన్సిళ్లకి రాసింది. ఇన్ని చెప్పాక కూడా అదే కమిషన్ 2024లో ఫోరెన్సిక్ సిలబస్‌లో లెస్బియనిజాన్ని అసహజ నేరాల కింద మళ్లీ పెట్టి, గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. చదువుకున్నవాళ్లు ఎక్కడ ఆగిపోయారో దాన్నిబట్టి అర్థం చేసుకో.

బ్రహ్మపుర పెద్దాయన

ఇంత తతంగం ఎందుకమ్మా? డ్యూటీ చేసుకో, జీతం తీసుకో, ఇంటికి పో. ఎవరి పడకగది సంగతి వాళ్లది. రాయగడ నుంచి పార్వతీపురం ఒక్క రైలు దూరం. పొద్దున వార్డులో అన్నమాట సాయంత్రానికి మీ వీధిలో ఉంటుంది. ఆ సంగతి ఎవరూ చెప్పట్లేదేం?

కేస్‌షీట్

పెద్దాయనా, రైలు సంగతి మీరన్నది నిజం. ఆ లెక్క వేసుకోకుండా చెప్పకూడదు. పడకగది మాట మాత్రం ఒప్పుకోను. మొగుడు ఏం వండిపెట్టాడో, అత్త ఏమందో పన్నెండు గంటల డ్యూటీ పొడుగునా వినేది ఆ వార్డులోనే. ఈ అమ్మాయి అడిగేది అంతకన్నా ఎక్కువేం కాదు. తోడుకి జ్వరమొస్తే ఆఫ్ మార్చుకోవడానికి కారణం చెప్పలేకపోవడం పడకగది సంగతా?

సగం చెప్పడం కూడా దారే చెల్లీ. ఇన్‌చార్జికీ ఒక్క స్నేహితురాలికీ చెప్పి మిగతా వాళ్ల దగ్గర "పెళ్లి ఆలోచన లేదు" దగ్గర ఆగిపోవచ్చు. కట్టుకథలు మాత్రం వద్దు. లేని బావ ఒకడిని సృష్టిస్తే వాడి పెళ్లిచూపులు, జాతకం అన్నీ గుర్తుపెట్టుకోవాలి.

ప్రాణహిత

సిరొంచ వైపు నుంచి. పై సలహాలన్నీ అమ్మాయిల కోణంలో ఉన్నాయి. బ్రదర్లుగా (మగ నర్సులుగా) పనిచేసే గే అబ్బాయిలకి కొన్ని తేడాలున్నాయి, వాళ్లూ ఇది చదువుతారు కాబట్టి రాస్తున్నాను.

పని చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అది లేకపోతే జిల్లాలో లోకల్ కమిటీ. ఫిర్యాదు చేసే హక్కు ఆడవాళ్లకే. నిన్ను "నువ్వు ఎలా పడుకుంటావ్" అని వెకిలిగా అడిగేది ఆడ సిస్టరే అయినా ఫిర్యాదు చెల్లుతుంది, ఒకే లింగం వాళ్ల మీద కూడా చెల్లుతుందని కలకత్తా హైకోర్టు 2020లో చెప్పింది. మూడు నెలల్లోపు పెట్టాలి, సరైన కారణముంటే ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. బ్రదర్లకి ఈ దారి లేదు. వాళ్లు హాస్పిటల్ సర్వీస్ రూల్స్ కింద రాతపూర్వక ఫిర్యాదు పెట్టుకోవాలి, బెదిరింపు దాకా వస్తే పోలీసు.

అదే చట్టం నీ మీదికి కూడా తిరగొచ్చు నాగావళీ, "నన్ను ముట్టుకుంది" అని ఎవరైనా అంటే. కంగారుపడి రాజీనామా రాయకు. ఫిర్యాదు కాపీ కమిటీ నీకు ఏడు పని దినాల్లో ఇవ్వాలి, అది అందిన పది పని దినాల్లో నీ జవాబు, సాక్షుల పేర్లతో సహా. కేస్‌షీట్ గారు చెప్పిన "పక్కన ఫలానా సిస్టర్ ఉంది" అనే లైను అప్పుడు పనికొస్తుంది.

గే అని తెలియగానే రెండో మాట హెచ్‌ఐవీ. ఉద్యోగానికి ముందు గానీ మధ్యలో గానీ టెస్టు చేయించుకుంటేనే ఉంచుతాం అనడం 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం చెల్లదు. ఇరవై, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ఆసుపత్రిలో ఆ చట్టం కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి. పేరు అడుగు, చాలాచోట్ల అడిగాకే నియమిస్తారు. సూది గుచ్చుకుంటే సిగ్గుతో దాచకు: సబ్బు, నీళ్లతో కడుగు, పిండకు, రిజిస్టర్లో రాయించు, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టి పరిస్థితిలో 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడు. ఆ రోజే తీసే బేస్‌లైన్ టెస్టు రిజల్టు నీది, వార్డుది కాదు.

రక్తదాన శిబిరం ఇంకో ఇరకాటం. 2017 రక్తదాతల మార్గదర్శకాలు పురుషులతో సంబంధమున్న పురుషులని శాశ్వతంగా వద్దన్నాయి. నా మటుకు అది అన్యాయమే, మనిషిని కాక ప్రవర్తనని చూడాలి. అయినా ఫారంలో అబద్ధం రాసి ఇవ్వకు, తర్వాత బయటపడితే అదే ఆయుధమవుతుంది. స్టాఫంతా వరుసకట్టి ఇచ్చే చోట "ఈసారి ఇవ్వట్లేదు" అంటే చాలు, కారణం అడిగే హక్కు ఎవరికీ లేదు. అమ్మాయిలకి ఈ నిషేధం లేదు. వాళ్లకి హీమోగ్లోబిన్ 12.5, బరువు 45 కిలోలు ఉంటే సరిపోతుంది.

డేటింగ్ యాప్‌లో పరిచయమై "హాస్పిటల్‌కి ఫోన్ చేస్తా" అని డబ్బడిగే ముఠాలు చిన్న ఊళ్లలోనూ ఉన్నాయి. ప్రొఫైల్లో యూనిఫారం ఫొటో, ఐడీ కార్డు పెట్టొద్దు. డబ్బు ఇస్తే ఆగదు, రేటు పెరుగుతుంది. చాట్ చెరిపేయకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. న్యాయ సంహిత 308 బలవంతపు వసూలు సెక్షన్. 377 భయం చూపిస్తే ఆ సెక్షనే లేదని చెప్పొచ్చు.

నాగావళి ఒడ్డు

చాలా థ్యాంక్స్ అందరికీ. ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉన్నాయి, ముందు ఆ పని చూస్తాను. పెద్దాయన అన్న రైలు మాటే నన్నూ తొలుస్తోంది. హాస్పిటల్ ఫైలులో ఎమర్జెన్సీ కాంటాక్టు మా నాన్న నంబరు. ఇంట్లోవాళ్లు వచ్చి తీసుకుపోతామంటే హాస్పిటల్ అప్పగించేస్తుందా? పీఎఫ్ నామినీగా తనని పెట్టొచ్చా?

వంశధార

ఎమర్జెన్సీ కాంటాక్టు నీ ఇష్టం. హెచ్‌ఆర్‌కి ఒక లైను రాసి మార్పించు, "రూమ్‌మేట్" అని పెట్టినా చాలు. ఇది వార్డులో చెప్పడానికి కనీసం నెల ముందు జరగాలి, వెంటవెంటనే చేస్తే కళ్లలో పడుతుంది.

పీఎఫ్‌లో కొంచెం మెలిక. నీ మీద ఆధారపడిన తల్లిదండ్రులుంటే వాళ్లు కుటుంబం కింద లెక్క, నామినేషన్ వాళ్లకే వెళ్లాలి. ఆధారపడినవాళ్లు లేకపోతే ఎవరినైనా పెట్టొచ్చు. బ్యాంకు సులువు: ఎల్‌జీబీటీ వ్యక్తులు జాయింట్ అకౌంట్ తెరవడానికి, తోడుని నామినీగా పెట్టడానికి ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. బ్రాంచిలో వెనకాడితే ఆ ప్రకటన ప్రింటు చూపించు.

ఇంట్లోవాళ్ల సంగతి. నువ్వు మేజర్‌వి, హాస్పిటల్‌కి నిన్ను అప్పగించే అధికారం లేదు. జరిగేది ఇంకోలా ఉంటుంది: పార్వతీపురంలో మిస్సింగ్ కేసు పెడతారు, అక్కడి పోలీసులు రాయగడ వచ్చి "స్టేషన్‌కి వచ్చి ఒక సంతకం పెట్టు" అని బండెక్కిస్తారు. రాష్ట్రం దాటాక నీ పక్కన ఎవరూ ఉండరు. అందుకని ముందే ఉత్తరం సిద్ధంగా పెట్టుకో: నా వయసు ఇంత, ఆధార్ కాపీ జతచేశాను, నా ఇష్టంతో ఈ చిరునామాలో ఉంటున్నాను, ఎవరూ ఎత్తుకుపోలేదు, నా మీద మిస్సింగ్ ఫిర్యాదు వస్తే నా వాంగ్మూలం ఇక్కడే తీసుకోండి. రాయగడ ఎస్పీకి, పార్వతీపురం మన్యం జిల్లా ఎస్పీకి చెరొకటి. అటు తెలుగులో, ఇటు ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో. ఇంట్లో విషయం తెలిసిన రోజే స్పీడ్ పోస్టులో పంపి, రశీదు, డెలివరీ అయిన ట్రాకింగ్ పేజీ ఫొటో ఇద్దరి ఫోన్లలో దాచుకోండి.

నిజంగా తీసుకుపోతే నీ తోడు హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకి తెమ్మని అడిగే పిటిషన్) వేయొచ్చు. ఇష్టపడినవాళ్లతో కలిసి ఉండే హక్కుని ఒరిస్సా హైకోర్టు 2020 ఆగస్టులో ఒక ట్రాన్స్ అబ్బాయి, అతని తోడు కేసులో ఒప్పుకుంది. ఇలాంటి పిటిషన్లు వచ్చినప్పుడు జడ్జిలు అమ్మాయితో తల్లిదండ్రులు లేకుండా విడిగా మాట్లాడాలని, మనసు మార్చే కౌన్సెలింగ్‌కి పంపకూడదని సుప్రీంకోర్టు 2024 మార్చి 11న కింది కోర్టులకి మార్గదర్శకాలిచ్చింది. లాయరు ఖర్చుకి భయపడొద్దు, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, ఫోను 15100. రాయగడ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవా సంస్థ ఉంటుంది, ఒక ఆఫ్ రోజున మీ ఇద్దరూ వెళ్లి ప్యానెల్ లాయరు పేరు, నంబరు ముందే రాసుకోండి. కేసు హైకోర్టుకి పోతే కటక్ వెళ్లాలి, ఒడియా చదవగలిగిన లాయరు అయితే స్టేషన్ కాగితాలు కూడా ఆయనే చూసుకుంటాడు.